టెక్కలి దగ్గర సరితూగే రెండు చుక్కలు

(శ్రీకాకుళంలోని ఒక గ్రంథాలయ సభలో ఫిబ్రవరి రెండో వారంలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

దిక్కులు ఎలా తెలుసుకోవాలని బడిపిల్లల్ని అడిగితే రెండు మాటలు చెబుతారు: పొద్దు పొడిచేది తూర్పు, ధ్రువ నక్షత్రం ఉన్నది ఉత్తరం. మన జిల్లాలో మూడో మాట కూడా కలుపుతారు, సముద్రం ఉన్నది తూర్పు అని. మూడూ రోజువారీ అవసరానికి సరిపోయే మాటలే గాని, కొంచెం నిలదీస్తే మూడూ తడబడతాయి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది కాబట్టి, కళింగపట్నంలోనో బారువలోనో ఊరికి వీపు పెట్టి కెరటాలకు ఎదురుగా నిలబడిన మనిషి చూస్తున్నది తూర్పు కాదు, ఆగ్నేయం. పొద్దు పొడిచే చోటు కూడా ఏడాదిలో తూర్పుకు ఉత్తరంగా సుమారు 25 డిగ్రీలు, దక్షిణంగా 25 డిగ్రీలు జరుగుతూ ఉంటుంది. అరసవల్లిలో మార్చి 9, 10 తేదీల ప్రాంతంలోనూ అక్టోబరు 1, 2 తేదీల ప్రాంతంలోనూ తొలి కిరణాలు స్వామి పాదాలను తాకుతాయని మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం. ఆ రెండు సందర్భాల్లోనూ సూర్యుడు తూర్పుకు సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా, దాదాపు ఒకే బిందువు దగ్గర ఉదయిస్తాడు. ఒకటి విషువత్తుకు, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుకు, ముందు, మరొకటి విషువత్తు తరువాత, అంతే తేడా. మధ్యాహ్నపు నీడ ఉత్తరం చూపిస్తుందనే పాఠం సైతం మే రెండో వారం దాటాక జూలై ఆఖరు దాకా మన దగ్గర తిరగబడుతుంది. ఆ రోజుల్లో సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు గనుక నీడ దక్షిణానికి పడుతుంది.

ఇక ధ్రువుడు. ఆయన గొప్పతనం ఆయన నిలకడలో ఉందే గాని కాంతిలో లేదు. ప్రకాశాన్ని బట్టి వరుస పేరిస్తే మొదటి 40 నక్షత్రాల్లో ఆయనకు చోటు దొరకదు. పైగా ఏ ఊళ్ళో ఉన్నవాళ్ళకైనా ధ్రువుడి ఎత్తు ఆ ఊరి అక్షాంశమంత మాత్రమే ఉంటుంది. శ్రీకాకుళం అక్షాంశం 18.3 డిగ్రీలు. చెయ్యి బారజాపి పిడికిలి పట్టి చూస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో ఇంచుమించు 10 డిగ్రీలు కప్పుతుంది కాబట్టి, దిగంతం నుంచి రెండు పిడికిళ్ళ కంటే తక్కువ ఎత్తులో ఆయన ఉంటాడన్నమాట. అంత కిందనున్న మసక చుక్కను కొబ్బరిచెట్లూ, ఎదురింటి మేడా, వీధి దీపాలూ, చలికాలపు మంచుపొగా ఇట్టే మింగేస్తాయి. ఆయన్ని చూపించవలసిన సప్తర్షులు కూడా ఐరోపా పుస్తకాల్లో రాసినట్టు మనకు రాత్రంతా కనిపించరు. కార్తీక మాసపు సాయంత్రాల్లో వారు పూర్తిగా దిగంతం కిందికి పోతారు. పెళ్ళిపందిట్లో పట్టపగలు అరుంధతిని చూపించగల పురోహితులకు ఇది అడ్డంకి కాకపోవచ్చు గాని, మామూలు వాళ్ళకు అడ్డంకే.

అందుకే ఈ సాయంత్రం మిమ్మల్ని ఉత్తరానికి వీపు పెట్టి కూర్చోమంటున్నాను. మన ఊళ్ళనుంచి దక్షిణపు ఆకాశం చాలా బాగా కనిపిస్తుంది. దాన్ని మనం చూడం, అంతే.

దక్షిణాన ముందుగా చెప్పుకోవలసినవాడు అగస్త్యుడు. ఆకాశం మొత్తం మీద ప్రకాశంలో రెండో నక్షత్రం అది. మొదటిది లుబ్ధకుడు, అంటే ఇంగ్లీషువాళ్ళ సిరియస్. అరబ్బు నావికులు అగస్త్యుణ్ణి సుహైల్ అన్నారు, యూరోపువాళ్ళు కనోపస్ అన్నారు. భూమికి సుమారు 310 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. వింధ్యను వంచి దక్షిణానికి వెళ్ళిన అగస్త్యుడు తిరిగి ఉత్తరానికి రాలేదన్న కథ మీకు తెలుసు. ఆ కథ కట్టినవాళ్ళు ఈ చుక్కను రాత్రుళ్ళు ఎంతసేపు చూసి ఉంటారో నాకు కళింగపట్నం ఒడ్డున గాని అర్థం కాలేదు.

ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే అందులో నా తప్పు ఒకటి ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, జనవరి నెలలో, పదో తరగతి పిల్లల్ని తీసుకుని సాయంత్రం కళింగపట్నం వెళ్ళాను. వంశధార సముద్రంలో కలిసే చోటుకు కొంచెం ఇవతల, ఒడ్డుకు లాగి పెట్టిన పడవల పక్కన నిలబడి, ఆగ్నేయంగా ధగధగలాడుతున్న నక్షత్రాన్ని చూపించి, "అదిగో అగస్త్యుడు, అది ఉన్నది దక్షిణం" అని గంభీరంగా చెప్పాను. పక్కనే వల సర్దుకుంటున్న ముసలాయన తలెత్తి చూసి నవ్వాడు. "అది కాదు మాస్టారూ. అదింకా పైపైకి ఎగబాకిపోతాది. దచ్చినం చుక్క పైకి పోదు, అక్కడక్కడే ఇంత తిరిగి దిగిపోతాది. ఇదిగో, దాని కిందకి, కొంచెం కుడిపక్కకి, నీళ్ళకి మూరెడు పైన సూడండి" అన్నాడు. చూశాను. నీళ్ళమీద నుంచి అప్పుడే లేచిన తెల్లని చుక్క, తడిగాలిలో ఎర్రగా ఆకుపచ్చగా మినుకుమంటూ కనిపించింది. నేను పిల్లలకు చూపించింది లుబ్ధకుణ్ణి. "తాతా, నీకు దీని పేరు తెలుసా" అని అడిగితే, "పేరుతో ఏటి పని బాబూ, అదెక్కడుంటే అటు దచ్చినం" అన్నాడు. ఆ ముసలాయన చెప్పిన మాటలో పేరు తప్ప శాస్త్రమంతా ఉంది.

ఎలాగంటే, శ్రీకాకుళం నుంచి చూసినప్పుడు అగస్త్యుడు నిక్కమైన దక్షిణానికి 33 డిగ్రీలు ఎడమగా ఉదయిస్తాడు, 33 డిగ్రీలు కుడిగా అస్తమిస్తాడు. ఆ రెంటి నడుమ సుమారు ఎనిమిదిన్నర గంటల సేపు చిన్న విల్లులాంటి దారిలో నడిచి, నడిమధ్యన 19 డిగ్రీల ఎత్తుకు చేరి దిగిపోతాడు. అంటే ఏ వేళ చూసినా ఆయన ఉన్న వైపు తిరిగితే మనం దక్షిణానికి మూడున్నర పిడికిళ్ళకు మించి తప్పము. పడవలో ఇంటిదారి పట్టినవాడికి, పొలంగట్టు మీద దారి తప్పినవాడికి అది చాలు. అంతకంటే కచ్చితంగా కావాలంటే దారి ఉంది. జనవరి నడుమ ఒక రాత్రి డాబా మీద ఒక గుర్తు దగ్గర నిలబడి, రాత్రి 8 గంటల వేళ అగస్త్యుడు ఎడమవైపు దిగంతానికి ఒక పిడికిలి ఎత్తున ఉన్నప్పుడు అటువైపు పిట్టగోడ మీద సుద్దతో గీత గీయండి. మళ్ళీ ఒంటిగంటన్నర వేళ కుడివైపు అంతే ఎత్తుకు దిగినప్పుడు అదే గుర్తు దగ్గర నిలబడి ఇంకో గీత గీయండి. ఆ రెండు దిశల మధ్య కోణాన్ని సరిగ్గా సగం చేస్తే వచ్చే దిశ దక్షిణం. యజ్ఞవేదికలకు తూర్పు పడమరలు కట్టడానికి మన పూర్వులు నేలమీద వృత్తం గీసి, నడుమ శంకువు పాతి, ఉదయపు నీడ కొన, సాయంత్రపు నీడ కొన వృత్తాన్ని తాకిన చోట్లు కలిపిన పద్ధతి ఇదే. అక్కడ సూర్యుడు, ఇక్కడ అగస్త్యుడు. ఎదురింటి గోడ అడ్డమొస్తే మాత్రం రెండు పద్ధతులూ చెడతాయి.

నిద్ర చెడగొట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళకు ఇంకో కొండగుర్తు చెబుతాను. ఫిబ్రవరి 10 ప్రాంతంలో రాత్రి 9 గంటలకు అగస్త్యుడు సరిగ్గా దక్షిణాన ఉంటాడు. నక్షత్రాలు రోజుకు 4 నిమిషాల చొప్పున తొందరపడతాయి గనుక, నెల ముందు అయితే 11కు, నెల తరువాత అయితే 7కు. ఆ సమయంలో లుబ్ధకుడు ఆయనకు బాగా పైన, కొంచెం ఎడమగా ఉంటాడు.

చైత్ర వైశాఖాల్లో అగస్త్యుడు చీకటి పడేసరికే పడమటికి వాలిపోయి ఉంటాడు. అప్పుడు పని త్రిశంకుడిది. నాలుగు చుక్కలు గాలిపటంలా కనిపించే ఈ గుంపు మే 12 ప్రాంతంలో రాత్రి 9 గంటలకు నిటారుగా నిలబడుతుంది. దాని పై చుక్క మన ఊరినుంచి పదిహేను డిగ్రీలకు కొద్దిగా తక్కువ ఎత్తులోనూ, కాలి చుక్క ఎనిమిదిన్నర డిగ్రీల ఎత్తులోనూ ఉంటాయి. ఆ కాలి చుక్కనుంచి కిందికి, గుంపు పొడవుకు నాలుగున్నర రెట్లు పోతే దక్షిణ ఖగోళ ధ్రువం, అంటే దక్షిణపు చుక్కలన్నీ చుట్టూ తిరిగే బిందువు, వస్తుంది. కాని అది మనకు దిగంతం కింద 18 డిగ్రీల లోతున ఉంది కాబట్టి, త్రిశంకుడు నిటారుగా నిలిచినప్పుడు ఆయన కాళ్ళ కిందున్నదే దక్షిణం అనుకుంటే సరిపోతుంది. ఆయనకు ఎడమగా రెండు పెద్ద చుక్కలు వెంట వస్తాయి. వాటిలో దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారీ, సూర్యుడి తరువాత మనకు అతి దగ్గరి నక్షత్రాల కూటమి, నాలుగు కాంతి సంవత్సరాల పైచిలుకు. ఎండాకాలం డాబామీద పక్కలు పరచుకునే ఇళ్ళలో ఇంతటివాడు కాళ్ళవైపు నిలబడి ఉంటే ఎవరూ లేచి చూడకపోవడం నాకు చిన్న బాధ. తలకిందులుగా వేలాడే త్రిశంకుణ్ణి కథలో స్వర్గానికి చేరనివ్వలేదు. మన ఆకాశంలోనూ ఆయన దిగంతాన్ని వదిలి ఎక్కువ దూరం పోలేడు.

దక్షిణ ధ్రువానికి మన ధ్రువుడి వంటి కాపలాదారు లేడు. అక్కడున్న సిగ్మా ఆక్టాంటిస్ అనే చుక్క కళ్ళు చికిలించినా అంతంత మాత్రంగా కనిపించేది. అందువల్ల దక్షిణాన దిక్కు ఎప్పుడూ ఒక చుక్క చెప్పదు, కొన్ని చుక్కల నడక చెబుతుంది.

ఇంతవరకు దిక్కు. ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్న విషయానికి వస్తాను.

శ్రీకాకుళంలో ఉత్తర ఖగోళ ధ్రువం ఎత్తు 18.3 డిగ్రీలు అన్నాను. అగస్త్యుడి గరిష్ఠమైన ఎత్తు 19 డిగ్రీలు అన్నాను. ఒకటి ఉత్తరాన, ఒకటి దక్షిణాన, ఇంచుమించు సమానమైన ఎత్తులో ఉన్నాయి. ఇది యాదృచ్ఛికమే, మన జిల్లా ఉన్న చోటు వల్ల వచ్చింది. కాని దీని వెనక ఒక నియమం ఉంది. మనం ఉత్తరానికి ఒక డిగ్రీ జరిగితే ధ్రువం ఒక డిగ్రీ పైకి లేస్తుంది, అగస్త్యుడు ఒక డిగ్రీ కిందికి దిగుతాడు. ఆ రెండు ఎత్తుల మొత్తం ఎక్కడ నిలబడినా మారదు, 37.3 డిగ్రీలు. కన్యాకుమారిలో ధ్రువం 8, అగస్త్యుడు 29. ఢిల్లీలో ధ్రువం 28.6, అగస్త్యుడు 8.7. తక్కెడలో ఒక సిబ్బి దిగితే రెండోది లేచినట్టు ఇవి రెండూ నడుస్తాయి. మరి ఆ తక్కెడ ముల్లు సరిగ్గా నడుమ నిలిచే చోటు ఏది? 37.3లో సగం, 18.65 డిగ్రీల అక్షాంశం. పటం తీసి చూస్తే అది టెక్కలి దాటి పలాస వైపు నాలుగైదు కిలోమీటర్లు పోయిన చోట పడుతుంది. అంటే ఆకాశపు తక్కెడ మన జిల్లాలోనే సరితూగుతుంది. శ్రీకాకుళంలో అగస్త్యుడిది పైచెయ్యి, ఇచ్ఛాపురంలో ధ్రువానిది పైచెయ్యి.

నేను ధ్రువం అంటున్నాను, ధ్రువ నక్షత్రం అనడం లేదు. ధ్రువుడు కూడా అచ్చంగా కదలనివాడు కాడు. అసలు ధ్రువ బిందువుకు అర డిగ్రీ పైచిలుకు దూరంలో ఉండి దాని చుట్టూ చిన్న ప్రదక్షిణం చేస్తుంటాడు. మామూలుగా దీన్ని పట్టించుకోనక్కరలేదు గాని, అర డిగ్రీ తేడాలు లెక్కపెట్టేటప్పుడు పట్టించుకోవాలి.

దీన్ని కొలవాలన్న పట్టుదల నాకు చాలా ఏళ్ళు ఉండిపోయింది. బడిలో వాడే కోణమానిని చిన్నది, దాని మీద అర డిగ్రీ చూడబోతే కళ్ళు కాయలు కాస్తాయి. చివరికి ఒక ఉపాయం తట్టింది. ఒక ప్లైవుడ్ ముక్క తీసుకుని, ఒక మూలను కేంద్రంగా పెట్టి 57.3 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో చాపం గీస్తే, ఆ చాపం మీద ఒక డిగ్రీకి ఒక సెంటీమీటరు వస్తుంది. అప్పుడు డిగ్రీలు గీసే శ్రమ లేదు. దర్జీ టేపు ఒకటి కొని చాపం వెంబడి అతికిస్తే ఆ సెంటీమీటర్లే డిగ్రీలు. మూల దగ్గర మేకు కొట్టి దారం కట్టి, చివర వలకు కట్టే సీసం గుండు వేలాడదీశాను. పై అంచున రెండు మేకులు గురి చూడటానికి. ఇంట్లో దీన్ని చూసి తలుపు చెక్క విరిగిందా అన్నారు. ఈ చెక్క పట్టుకుని ఒకే వారంలో మూడు రాత్రులు మూడు ఊళ్ళలో అగస్త్యుణ్ణి కొలిచాను. శ్రీకాకుళంలో 19 వచ్చింది. టెక్కలిలో గాలికి దారం ఊగి ఊగి 18 ముప్పావుకు అటూ ఇటూ ఆడింది. ఇచ్ఛాపురంలో 18కి పైన ఒక చిన్న గీత. బస్సులో వెళితే ఒక పూట ప్రయాణం; ఆ ప్రయాణంలో ఉత్తరానికి జరిగింది సుమారు 90 కిలోమీటర్లు; ఆ మేరకు నక్షత్రం నిండు చంద్రుడి వెడల్పుకు ఒకటిన్నర రెట్లు కిందికి దిగింది. ఆ గీతల మధ్య ఎడం నా చిటికెనవేలి మందం కూడా లేదు. భూమి ఒంపు మొట్టమొదటిసారి నా చేతికి తగిలింది ఆ ఎడంలోనే.

"దూరం పోతే చుక్క కిందికి దిగినంత మాత్రాన భూమి గుండ్రమని ఎందుకనుకోవాలి, వీధి దీపానికి దూరంగా నడిచినా దీపం కిందికి దిగినట్టే కనిపిస్తుంది కదా" అని ఒక అబ్బాయి నన్ను అడిగాడు. మంచి ప్రశ్న. దానికి జవాబు రెండు భాగాలు. వీధి దీపం దగ్గరలో గబగబా దిగుతుంది, దూరం పోయే కొద్దీ ఇంకా నెమ్మదిగా దిగుతుంది. నక్షత్రం అలా కాదు. కన్యాకుమారి దగ్గరైనా, టెక్కలి దగ్గరైనా, ఢిల్లీ దగ్గరైనా సుమారు 111 కిలోమీటర్లకు ఒక డిగ్రీ చొప్పున ఒకే లెక్కన దిగుతుంది. రెండోది ఇంకా గట్టిది. వీధి దీపం ఎంత దూరం నడిచినా నేలలోకి మునగదు. నక్షత్రం మునుగుతుంది. అగస్త్యుడు శ్రీనగర్‌లో 3 డిగ్రీల ఎత్తుకు దిగి, 37.3 డిగ్రీల అక్షాంశం దాటాక అసలే కనిపించడు. త్రిశంకుడి కాలి చుక్క మనకు ఎనిమిదిన్నర డిగ్రీల ఎత్తున నిలుస్తుంది, ఢిల్లీలో ఎప్పటికీ పైకి రాదు. తగ్గడం వేరు, మునగడం వేరు. బల్లపరుపు నేల మీద మునగడానికి చోటు లేదు.

ఈ వాదం కొత్తది కాదు. ఈజిప్టులోనూ సైప్రస్ దగ్గరా కనిపించే కొన్ని నక్షత్రాలు ఉత్తర దేశాల్లో కనిపించవని అరిస్టాటిల్ రాశాడు. చంద్రగ్రహణంలో భూమి నీడ అంచు వంపుగా ఉండటంతో పాటు దీన్ని కూడా ఆయన సాక్ష్యంగా చూపించాడు. ఆ తరువాత పొసిడోనియస్ అనే గ్రీకు పండితుడు ఏకంగా మన అగస్త్యుణ్ణే పట్టుకుని భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. రోడ్స్ దీవిలో ఆ నక్షత్రం దిగంతాన్ని రాసుకుని పోతుందని, అలెగ్జాండ్రియాలో వృత్తంలో 48వ వంతు ఎత్తుకు లేస్తుందని, రెండు ఊళ్ళ మధ్య 5,000 స్టేడియాలని (స్టేడియా అంటే ఆనాటి గ్రీకుల దూరపు కొలత) పెట్టుకుని, 48 చేత హెచ్చించి 2,40,000 స్టేడియాలన్నాడు. 48వ వంతు అంటే ఏడున్నర డిగ్రీలు. అసలు తేడా అయిదు డిగ్రీల పైచిలుకే. రోడ్స్‌లో నక్షత్రం ఒక డిగ్రీ ఎత్తున ఉంటుంది గాని, దిగంతాన్ని ఆనుకుని ఉన్న చుక్క కాంతిని గాలి పొర మింగేస్తుంది, వంచేస్తుంది కూడా. అక్కడ కొలత పెట్టుకోవడమే ఆయన పొరపాటు. మన జిల్లాలో అగస్త్యుడు రెండు పిడికిళ్ళ ఎత్తున హాయిగా నిలబడతాడు. ఈ లెక్క చేయడానికి రోడ్స్ కంటే టెక్కలి మంచి చోటు.

చేసి చూశాం కూడా. నా దగ్గర చదువుకున్న అబ్బాయి ఒకడు చెన్నైలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి ఫోనులో చెక్క తయారీ చెప్పి, ఒకే రాత్రి ఇద్దరం కొలిచాం. నాకు 19, వాడికి 24 న్నర. తేడా అయిదున్నర. ఇక దూరం దగ్గర మొదట తప్పటడుగు వేశాం. రైలు దూరం తీసుకోబోయాం. కావలసింది రైలు దూరం కాదు, ఉత్తర దక్షిణాలుగా ఉన్న ఎడం మాత్రమే. చెన్నై మనకు పడమరగా కూడా చాలా జరిగి ఉంది. పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఆ ఎడం 577 కిలోమీటర్లు వచ్చింది. దాన్ని 360 చేత హెచ్చించి అయిదున్నర చేత భాగిస్తే సుమారు 37,770 కిలోమీటర్లు. ధ్రువాల మీదుగా భూమి అసలు చుట్టుకొలత 40,008. రెండువేల పైచిలుకు కిలోమీటర్లు తగ్గింది, అంతా చెన్నైలో వాడి దారం ఊగిన పావు డిగ్రీ వల్లే అని నేను, శ్రీకాకుళంలో నా కళ్ళజోడు వల్లే అని వాడు, ఇప్పటికీ వాదించుకుంటున్నాం. ఆ పటం కూడా ఎవరో ఎప్పుడో ఇదే పని చేసి గీసిందే కదా అని మీరు అనవచ్చు. నిజమే. పూర్తిగా సొంతంగా చేయాలంటే 577 కిలోమీటర్లూ గొలుసు పట్టుకుని కొలవాలి.

మన జ్యోతిష్కులకు ఈ విషయం తెలుసా అని అడుగుతుంటారు. వరాహమిహిరుడు బృహత్సంహితలో అగస్త్యుడికి ఒక అధ్యాయమే ఇచ్చాడు. అగస్త్యోదయం, అంటే సూర్యకాంతిలో కొన్ని నెలలు కనబడకుండా పోయిన ఆ నక్షత్రం తెల్లవారుజామున మళ్ళీ తొలిసారి కనిపించే రోజు, ఊరు ఊరికీ వేరని, దాన్ని ఏ దేశానికి ఆ దేశానికి గణించి చెప్పాలని అందులో ఉంది. ఉజ్జయినికి సూర్యుడు కన్యారాశికి ఇంకా ఏడు డిగ్రీల దూరంలో ఉన్నప్పుడని లెక్క కూడా ఇచ్చాడు. మనం ఉజ్జయినికి అయిదు డిగ్రీలు దక్షిణంగా ఉన్నాం గనుక మనకు ఆ ఉదయం వారం రోజులకు పైగా ముందే, ఇప్పటి లెక్కన ఆగస్టు నడుమకు అటూ ఇటూ, మబ్బు కరుణిస్తే కనిపిస్తుంది. అగస్త్యుడు ఉదయిస్తే నీళ్ళు తేటపడతాయని కవులు పాడుకున్నది ఈ ఉదయం గురించే. అంతకు ముందే, 499లో ఆర్యభటుడు భూమిని అన్ని వైపులా రేకులు కమ్ముకున్న కదంబ పుష్పంతో పోల్చాడు. పువ్వు మీద ఏ వైపున్న రేకుకైనా తన వైపే పైవైపు. అంతకంటే మంచి పోలిక నాకు ఇంతవరకు దొరకలేదు.

కదంబ పువ్వుకు దక్షిణపు వైపు ఉన్నవాళ్ళను కూడా ఒకసారి తలుచుకోవాలి. భూమి పళ్ళెంలా ఉండి ఉత్తర ధ్రువం దాని నడుమ ఉందని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకు సెల్‌ఫోన్లలో అభిమానులు కూడా ఉన్నారు. అలాంటి పళ్ళెం మీద దక్షిణం అంటే అంచువైపు. ఆఫ్రికా కొననుంచి అంచుకు చూసేవాడూ, ఆస్ట్రేలియా పడమటి తీరం నుంచి అంచుకు చూసేవాడూ వేర్వేరు దిక్కులకు చూస్తున్నట్టే. కాని జూన్ నెలలో ఒక రాత్రి కేప్‌టౌన్‌లోనూ పెర్త్‌లోనూ ఒకే సమయంలో దక్షిణానికి తిరిగినవాళ్ళిద్దరూ ఒకే త్రిశంకుణ్ణి చూస్తారు. కళింగపట్నం నుంచి సూటిగా దక్షిణానికి పడవ వదిలితే శ్రీలంక కుడిచేతివైపు దూరంగా తప్పిపోతుంది, ఆ తరువాత అంటార్కిటికా దాకా ఎక్కడా నేల తగలదు. పడవలో ఉన్నవాడికి రోజురోజుకూ ధ్రువుడు మునిగి, త్రిశంకుడు నెత్తిమీదికి వస్తాడు.

గుండ్రం అన్నాం గాని, ఎంత గుండ్రం? 1672లో జాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు భూమధ్యరేఖ దగ్గరున్న కయెన్‌కు పారిస్‌లో సరిచేసిన లోలకపు గడియారం పట్టుకెళితే అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది; అక్కడ భూమి లాగుడు కాస్త తక్కువ కాబట్టి లోలకం నెమ్మదించింది. భూమి నడుము దగ్గర ఉబ్బి ఉందని న్యూటన్ దీన్నిబట్టి కూడా వాదించాడు. ఉబ్బితే ధ్రువాల దగ్గర నేల చదునుగా ఉండి, ధ్రువ నక్షత్రం ఒక డిగ్రీ లేవడానికి ఎక్కువ దూరం నడవాలి. 1735లో ఒక బృందం ఇప్పటి ఈక్వడార్ ప్రాంతానికి, 1736లో మరొకటి ఐరోపా ఉత్తరపు కొసనున్న లాప్‌లాండ్‌కు వెళ్ళి కొలిచి న్యూటన్ మాటే నిజమన్నాయి. ఇప్పటి లెక్కల్లో డిగ్రీ పొడవు భూమధ్యరేఖ దగ్గర 110.6, ధ్రువాల దగ్గర 111.7 కిలోమీటర్లు.

దక్షిణ అర్ధగోళంలో ఇదే పని చేసినవాడు లకాయ్ అనే ఫ్రెంచి ఖగోళజ్ఞుడు. 1751లో ఆఫ్రికా దక్షిణపు కొస దగ్గరున్న గుడ్‌హోప్ అగ్రానికి వెళ్ళి, పదివేలకు దగ్గరగా దక్షిణపు నక్షత్రాలను పట్టికకు ఎక్కించి, పనిలో పనిగా అక్కడ ఒక డిగ్రీ పొడవు కూడా కొలిచాడు. అది ఉండవలసిన దానికంటే ఎక్కువ వచ్చింది. అంటే భూమికి ఉత్తరపు సగం ఒక ఆకారం, దక్షిణపు సగం మరో ఆకారమా? ఎన్నో ఏళ్ళు ఈ చిక్కు విడలేదు. 1820 ప్రాంతంలో అక్కడికి వెళ్ళిన జార్జ్ ఎవరెస్ట్, మన దేశపు త్రికోణమితి సర్వే చేసిన ఆ ఎవరెస్టే, లకాయ్ కొలిచిన గీతకు రెండు చివర్లా ఉన్న కొండలను చూసి అనుమానించాడు: కొండల బరువు లకాయ్ వేలాడదీసిన గుండును పక్కకు లాగి ఉంటుందని. 1840ల్లో మెక్లియర్ అనే ఖగోళజ్ఞుడు తిరిగి కొలిస్తే ఆ అనుమానమే నిజమైంది. నక్షత్రాలు సరిగానే ఉన్నాయి, నిలువు అనుకున్న దారమే వంకర. పదిహేను వందల మీటర్ల మన మహేంద్రగిరి కూడా ఇచ్ఛాపురం దారిలో నా సీసం గుండును లాగే ఉంటుంది. నా దర్జీ టేపు మీద అది కనిపించదు గాని, ఇలాంటి లాగుడునే లెక్కలోకి తీసుకోక ఉత్తర భారతంలో సర్వే వాళ్ళకు అయిదు సెకండ్ల కోణం తేడా వచ్చింది. డిగ్రీలో 3,600వ వంతు ఒక సెకండు. అంత చిన్న తేడాను వదిలేయక పట్టుకున్నందువల్లే హిమాలయాల కిందనున్న నేల ఎలాంటిదో వాళ్ళు ఆలోచించడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ఎనిమిదీ ముప్పావు అయింది. మేడమీది దీపాలు ఆర్పమని చెప్పాను. నీళ్ళ ట్యాంకు పక్కన దక్షిణం వైపు అడ్డు లేదు; లుబ్ధకుణ్ణి చూసి అగస్త్యుడనుకోవద్దు, నా అనుభవం చాలు, దాని కిందికి, కొంచెం కుడిపక్కకి చూడండి. చెక్క అక్కడే ఉంది. ఒకరు గురి చూస్తే మరొకరు టేపు మీద దారం ఎక్కడుందో చదవాలి. చదివే ముందు దారం ఊగడం ఆగనివ్వండి. అక్కడ కొలిచాక వెనక్కి తిరిగి, కొబ్బరిచెట్టు అడ్డురాకుండా మెట్ల దగ్గరకు జరిగి, ధ్రువుణ్ణి కూడా కొలిచి రెండూ కాగితం మీద రాయండి. ఈ వేళ ధ్రువుడు తన ప్రదక్షిణంలో కొంచెం పైభాగాన ఉన్నాడు కాబట్టి ఆయన ఎత్తులోంచి అర డిగ్రీకి కొద్దిగా తక్కువ తీసివేయాలి. ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. మీరు ఆ కాగితాన్ని వెంట తీసుకెళ్ళి, రేపో ఎల్లుండో మీ డాబా మీద కూడా కొలిచి నాకు చెప్పండి.